"గుడ్" అనడం పెంచాలా, మానాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు ఏడో తరగతికి పాఠాలు చెబుతున్నారు. సంవత్సరం మొదట్లో "గుడ్", "వెరీ గుడ్" అంటూ, చార్టు మీద స్టార్లు అంటిస్తూ, వారానికొకరిని ఉత్తమ విద్యార్థిగా ప్రకటిస్తూ మొదలుపెట్టారు. మొదటి నెల క్లాసంతా హుషారుగా ఉంది. ఇప్పుడు ముందు వరుసలో వాళ్లు పని మొదలుపెట్టకముందే "దీనికి ఎన్ని స్టార్లు టీచర్?" అని అడుగుతున్నారు. వెనక వరుసలో వాళ్లు ఆ చార్టు వైపు తలెత్తి కూడా చూడరు. మెచ్చుకోవడం ఇంకా పెంచాలా, పూర్తిగా మానేయాలా అని అడిగారు. నెలకోసారి అందరి ముందు బహుమతి ఇవ్వాలని బడి నియమం ఉందని, అది మీ చేతిలో లేదని కూడా రాశారు.

పెంచనూ వద్దు, మాననూ వద్దు. ఏం అంటున్నారు, దేని గురించి అంటున్నారు అన్నది మార్చాలి. చాలా ఏళ్లు లెక్కలు చెప్పాక, కొత్త టీచర్ల క్లాసుల్లో వెనక కూర్చుని చూడటం నా పని అయింది. పాఠం చెప్పేవాళ్లకు కనపడనిది ఒకటి అక్కడ కూర్చుంటే కనిపిస్తుంది: "గుడ్" అన్న మాట విన్న తర్వాత విద్యార్థి ఏం చేస్తున్నాడన్నది. ఎక్కువసార్లు ఏమీ చేయడు. టీచర్ పక్క బెంచీకి వెళ్తారు, అతను నోటుబుక్ మూసేస్తాడు. అదే టీచర్ "మూడో మెట్టులో గుర్తు తప్పు పడిందని నీకు నువ్వే పట్టుకుని దిద్దుకున్నావు, చూశాను" అన్నప్పుడు, మూయబోయిన నోటుబుక్ మళ్లీ తెరుస్తాడు. ఆ మెట్టు వైపు ఇంకోసారి చూసుకుంటాడు. తన పనిలో తాను గమనించని మంచి ఒకటి అతనికి ఇప్పుడే తెలిసింది. మెచ్చుకోలు వల్ల పిల్లలు ముందుకు కదిలేది ఇలా ఏదో ఒకటి తెలిసినప్పుడే. ఏమీ తెలియజేయని మెచ్చుకోలు మొదట్లో వినడానికి బాగుంటుంది, కొన్నాళ్లకు చెవికి ఎక్కడం మానేస్తుంది. మీ క్లాసులో జరిగింది అదే.

ముందు స్టార్ల సంగతి చెబుతాను. "ఎన్ని స్టార్లు?" అనే ప్రశ్న పిల్లల దురాశ కాదు, దానికి వాళ్లను తప్పుపట్టకండి. ముందే చెప్పి ఇచ్చే బహుమతి ఎవరి చేతైనా ఆ ప్రశ్న అడిగిస్తుంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అమెరికాలో ఒక నర్సరీ స్కూల్లో చేసిన ప్రయోగం ఈ విషయంలో చాలా ప్రసిద్ధం. రంగు పెన్నులతో బొమ్మలు వేయడం సహజంగానే ఇష్టమున్న చిన్నపిల్లల్ని తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే బంగారు రంగు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి ఏమీ చెప్పకుండా, బొమ్మ వేశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఆటల సమయంలో అవే పెన్నులు బల్ల మీద పెట్టి చూశారు. బహుమతి ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లు బొమ్మలు వేసిన సమయంలో దాదాపు సగమే వేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ల ఇష్టం ఏమీ తగ్గలేదు.

ఇచ్చిన సర్టిఫికెట్ అందరికీ ఒకటే. తేడా అంతా ముందే చెప్పడంలో ఉంది. ముందే చెబితే ఆ పని దేనికోసమో చేయాల్సిన పనిగా మారిపోతుంది. చేశాక చెబితే, చేసిన పని ఒకరి కంట పడిందన్న కబురు అందుతుంది. 1971లో ఎడ్వర్డ్ డెసి కాలేజీ విద్యార్థులకు పజిళ్లు ఇచ్చి చూసినప్పుడు కూడా, డబ్బు తీసుకున్నవాళ్లకు ఆ తర్వాత పజిల్ మీద ఆసక్తి తగ్గింది, మాటతో మెచ్చుకున్నవాళ్లకు తగ్గలేదు. ఆయన, రిచర్డ్ కోస్ట్‌నర్, రిచర్డ్ రయన్ కలిసి 1999లో ఇలాంటి 128 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. ముందే చెప్పి ఇచ్చిన వస్తు బహుమతులు ఉన్న ఇష్టాన్ని తగ్గిస్తున్నాయని, మాటతో మెచ్చుకోవడం పెంచుతోందని తేలింది. అయితే మాట వల్ల వచ్చిన ఆ మేలు కాలేజీ వయసువాళ్లలో కనిపించినంతగా పిల్లల్లో కనిపించలేదు. మాట అయినంత మాత్రాన మంచిదే అని కళ్లు మూసుకుని అనుకోవడానికి లేదు.

అలాగని చార్టు రేపే చింపేయకండి. ఇన్నాళ్లు కూడబెట్టుకున్నది ఒక్క రోజులో పోతే పిల్లలకు అన్యాయంగా అనిపిస్తుంది, వాళ్లు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు కూడా. ఒక తేదీ చెప్పి, అప్పటిదాకా వచ్చిన స్టార్లకు మాట ఇచ్చినట్టే లెక్క చెప్పి, చార్టు ముగించండి. ఆ మధ్యలో "దీనికి ఎన్ని?" అని అడిగితే "పని అయ్యాక చూద్దాం, ముందు ఏ మెట్టు దగ్గర కష్టమనిపించిందో చెప్పు" అని పని మీదకు తిప్పండి. సామాన్లు సర్దడం, బోర్డు తుడవడం లాంటి వాటికి స్టార్లు ఉంచుకున్నా నష్టం లేదు. ఎవరికీ మొదటి నుంచీ ఇష్టం లేని పనికి బహుమతి పెడితే పోయే ఇష్టమంటూ ఏమీ ఉండదు. చదవడం, రాయడం, లెక్క కట్టడం, ప్రశ్న వేయడం, వీటి జోలికి మాత్రం స్టార్లను రానివ్వకండి.

ఇక ఏం అనాలన్నది. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే టీచర్లకు కష్టమనిపించేది ఇదే.

టీచర్ల మెచ్చుకోలు గురించి జెరీ బ్రోఫీ అనే విద్యా మనస్తత్వ పరిశోధకుడు 1981లో వివరంగా రాశారు. ఆయన చెప్పినవాటిలో నేను క్లాసుల్లో పదే పదే చూసిన మాట ఒకటుంది. చాలా మెచ్చుకోలు పని చూసి రాదు. టీచరుకు ఆ క్షణంలో ఉన్న మూడ్ వల్లో, పిల్లవాడి మొహం చిన్నబోయిందనో, క్లాసు ముందుకు సాగాలనో వస్తుంది. "వెరీ గుడ్, తర్వాత ఎవరు?" అన్నప్పుడు ఆ "వెరీ గుడ్" మైకు ఇంకొకరికి అందించడానికి వాడిన మాటే. పిల్లలకు ఇది తెలిసిపోతుంది. ఏడో తరగతి వచ్చేసరికి టీచర్ తన పని నిజంగా చూసి అంటున్నారా, అలవాటుగా అంటున్నారా అన్నది వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

కాబట్టి ముందు చూడాలి, తర్వాత అనాలి. చూడటానికి సమయం పడుతుంది, అందుకే మెచ్చుకోలు సంఖ్య దానంతట అదే తగ్గుతుంది. తగ్గనివ్వండి. వ్యాసం దిద్దుతున్నారనుకోండి. "బాగా రాశావు" అనే బదులు "మొదటి పేరాలో వేసిన ప్రశ్నకు చివరి పేరాలో జవాబు చెప్పావు, అందుకే చదివాక ఏదో వెలితి అనిపించలేదు" అనండి. సైన్సు ప్రయోగంలో "సూపర్" అనే బదులు "రెండుసార్లు కొలిచి, రెండూ కలవలేదని మూడోసారి కొలిచావే, ప్రయోగం చేసేవాళ్లు చేయాల్సింది అదే" అనండి. లెక్కలో జవాబు తప్పు వచ్చినా, "సమస్యను బొమ్మగా గీసుకోవడం నీకు ఎవరూ చెప్పలేదు, గీసుకున్నాక సగం దారి నీకే తెలిసింది, తప్పు చివరి భాగహారంలో ఉంది" అని చెప్పొచ్చు. చూడండి, ఈ మూడింటిలో "గుడ్" అన్న మాటే లేదు. అయినా విన్న పిల్లకు తను మంచి పని చేశానని అనుమానం లేకుండా తెలుస్తుంది. ఇంకా ముఖ్యం, రేపు మళ్లీ ఏం చేయాలో కూడా తెలుస్తుంది. "వెరీ గుడ్" విన్న పిల్ల రేపు దాన్ని మళ్లీ ఎలా సంపాదించాలో తెలియక టీచర్ మొహం చూస్తూ కూర్చుంటుంది.

మాట దొరక్కపోతే నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. "నువ్వు" అని మొదలుపెట్టి, ఆ పిల్ల చేతులతోనో మెదడుతోనో చేసిన ఒక పనిని క్రియాపదంతో చెప్పండి: దిద్దుకున్నావు, పోల్చావు, అడిగావు, మళ్లీ చదివావు, కొట్టేసి కొత్తగా రాశావు. ఆ తర్వాత దానివల్ల ఏం జరిగిందో కలపండి. విశేషణాలు వద్దు. అద్భుతం, సూపర్, ఎక్సలెంట్ లాంటివి తీసేస్తే మిగిలేదే అసలు మెచ్చుకోలు.

తెలివిని మెచ్చుకోవడం గురించి మీరు ఇప్పటికే ఎక్కడో వినే ఉంటారు. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిళ్లు ఇచ్చారు. అవి చేశాక కొందరితో "నువ్వు చాలా తెలివైనవాడివి అయ్యుండాలి" అన్నారు, కొందరితో "బాగా కష్టపడి చేసి ఉంటావు" అన్నారు. తేడా ఆ ఒక్క వాక్యమే. తర్వాత కావాలని కష్టమైన పజిళ్లు ఇచ్చారు, అందరూ తడబడ్డారు. ఆ తర్వాత మొదటివాటి లాంటి సులువైనవే మళ్లీ ఇస్తే, తెలివిని మెచ్చుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు, కష్టాన్ని మెచ్చుకున్నవాళ్లు ఎక్కువ చేశారు. తమకు వచ్చిన మార్కులు వేరే బడి పిల్లలకు రాసి పంపమంటే, తెలివిని మెచ్చుకున్నవాళ్లలో నూటికి దాదాపు 40 మంది ఎక్కువ వేసి రాసుకున్నారు. తెలివైనవాడు అనిపించుకున్నాక, తప్పు చేస్తే ఆ పేరు పోతుందన్న టెన్షన్ పట్టుకుంటుంది.

ఈ ప్రయోగాన్ని చైనాలో వేరే పరిశోధకులు మళ్లీ చేసి 2019లో ప్రచురించినప్పుడు ఇంత స్పష్టమైన ఫలితాలు రాలేదు. అందుకని "తెలివైనవాడివి" అని ఒకసారి నోరు జారితే పిల్లవాడి భవిష్యత్తు పాడైపోతుందని భయపడనక్కర్లేదు. నేను దాన్ని వద్దనేది ఇంకో కారణంతో. ఆ మాటతో విద్యార్థి చేయగలిగింది ఏమీ లేదు. తెలివి ఉందన్నారు, సరే, ఇప్పుడు ఏం చేయాలి?

దీనికి ఎదురు చివర ఉన్న తప్పు ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నాను, దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. తెలివిని మెచ్చుకోకూడదని విన్న టీచర్లు ప్రతిదానికీ "బాగా కష్టపడ్డావు" అనడం మొదలుపెట్టారు. అరనిమిషంలో చేసేసిన సులువైన లెక్కకు కష్టపడ్డావంటే విద్యార్థికి ఏం అర్థమవుతుంది? "ఇంత చిన్నది కూడా నాకు కష్టమేనని టీచర్ అనుకుంటున్నారు" అని. జర్మనీలో వుల్ఫ్-ఊవె మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీదే చాలా కాలం పనిచేశారు. చాలా సులువైన పని చేసినందుకు ఒకరిని మెచ్చుకుని, అదే పని చేసిన ఇంకొకరిని ఏమీ అనకపోతే, మెచ్చుకోలు అందుకున్నవాడి సామర్థ్యమే తక్కువని పెద్ద పిల్లలు, పెద్దవాళ్లు అర్థం చేసుకుంటారని ఆయన చూపించారు. అలాగే మూడు గంటలు కూర్చుని ఒకే తప్పు పద్ధతిని పదిసార్లు చేసిన పిల్లతో "కష్టపడ్డావు, అదే ముఖ్యం" అంటే ఆ పిల్లను అక్కడే వదిలేసినట్టే. ఆ పిల్లకు కావాల్సింది వేరే పద్ధతి. కష్టం ఏ దారిలో పెట్టిందో చూసి, దారి బాగుంటే ఆ దారిని మెచ్చుకోండి, బాగా లేకపోతే పక్కన కూర్చుని ఇంకో దారి చూపించండి. ఆ పది నిమిషాలు కూర్చోవడంలో ఉన్న గౌరవం ఏ పొగడ్తలోనూ లేదు.

ఇక వెనక వరుస. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వాళ్ల గురించి రాసిన వాక్యమే.

చదువులో వెనకబడిన, తన మీద తనకు నమ్మకం తక్కువున్న పిల్లను చూస్తే మనకు జాలి కలుగుతుంది, మాట పెద్దది చేస్తాం. నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రుమెల్‌మాన్, ఆయన సహచరులు 2014లో సరిగ్గా దీన్నే పరీక్షించారు. ఆత్మవిశ్వాసం తక్కువని తెలిసిన పిల్లలకు పెద్దవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ అతిశయంగా మెచ్చుకోలు ఇస్తున్నారని తేలింది. తర్వాత పిల్లల చేత ఒక బొమ్మ గీయించి, కొందరికి "అందంగా గీశావు" అని, కొందరికి "నమ్మలేనంత అందంగా గీశావు" అని రాసిచ్చారు. ఆ తర్వాత కష్టమైన బొమ్మ కావాలా, సులువైనది కావాలా అని అడిగారు. ఆత్మవిశ్వాసం తక్కువున్న పిల్లలు ఆ పెద్ద మాట విన్నాక కష్టమైనదాన్ని తప్పించుకున్నారు. మామూలు మాట విన్నవాళ్లు అంతగా వెనక్కి తగ్గలేదు. ఒక్క విశేషణం ఎక్కువైతే ఇంత తేడా. ఆ పెద్ద మాట ఆ పిల్లకు ఒక స్థాయిని కట్టేసింది, ఇకపై ప్రతిసారీ ఆ స్థాయికి తగ్గకూడదన్న భయం వేసింది. మనం దయతో అన్న మాట ఆ పిల్ల మీద బరువైంది.

అందుకే వెనక వరుసకు ఎక్కువ మెచ్చుకోలు కాదు, ఎక్కువ చూపు కావాలి. వాళ్ల నోటుబుక్కులు ముందు దిద్దండి, మీకు ఓపిక ఉన్నప్పుడే. నిజంగా ఉన్నది చిన్నదైనా వెతకండి: నిన్న ఖాళీగా వదిలేసిన చోట ఈరోజు మొదటి మెట్టు రాశాడు. "నిన్న ఈ రకం లెక్క ముట్టుకోలేదు, ఈరోజు తెలిసినంతవరకు రాసిపెట్టావు. ఇక్కడి నుంచి నేను చూపిస్తాను" అంటే చాలు. పోలిక నిన్నటి అతనితోనే, పక్కవాడితో కాదు.

విమర్శను కూడా గుర్తింపుగా ఇవ్వొచ్చు, నా అనుభవంలో వెనకబడిన పిల్లల దగ్గర అది మెచ్చుకోలు కంటే బాగా పనిచేస్తుంది. డేవిడ్ యేగర్, జెఫ్రీ కోహెన్, వాళ్ల సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధన మీ తరగతి వయసువాళ్ల మీదే, అమెరికాలో ఏడో తరగతి పిల్లల మీద జరిగింది. వ్యాసాలు టీచర్లు గట్టిగానే దిద్దారు. వెనక్కి ఇచ్చేటప్పుడు కొన్నింటికి ఒక చిన్న చీటీ జతచేశారు. దానిలో ఉన్నది దాదాపు ఇదే: నీ మీద నాకు చాలా పెద్ద అంచనాలున్నాయి, నువ్వు అక్కడికి చేరగలవని తెలుసు, అందుకే ఈ సూచనలు రాస్తున్నాను. మిగతావాటి చీటీలో ఇవి నీ వ్యాసం మీద సూచనలు అని మాత్రమే ఉంది. మళ్లీ రాయడం ఇష్టమైతేనే అన్నారు. టీచర్ల మీద నమ్మకం పోగొట్టుకునే పరిస్థితులు ఎక్కువగా ఎదురైన నల్లజాతి విద్యార్థుల్లో, మామూలు చీటీ అందుకున్నవాళ్లు నూటికి 17 మంది తిరగరాశారు. ఆ ఒక్క వాక్యం ఉన్న చీటీ అందుకున్నవాళ్లు నూటికి 70 మందికి పైగా తిరగరాశారు. ఎర్ర సిరా తగ్గించలేదు, మార్కులు పెంచలేదు. ఆ ఎర్ర సిరా ఎందుకు పెట్టారో చెప్పారు, అంతే. నాకు తెలిసిన ప్రతి కొత్త టీచరుకూ ముందు ఇదే చెబుతాను. అయితే ఆ వాక్యం రాసేముందు మీరు దాన్ని నమ్మాలి, దిద్దిన తీరులో ఆ నమ్మకం కనపడాలి. రెండు టిక్కులు పెట్టి "నీ మీద పెద్ద అంచనాలున్నాయి" అంటే ఎవరూ నమ్మరు.

అందరి ముందు మెచ్చుకోవడం గురించి. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి స్నేహితుల దృష్టిలో ఎలా కనపడుతున్నామన్నది పిల్లలకు పెద్ద విషయం అవుతుంది. టీచర్ పొగిడిన పిల్ల ఆ మధ్యాహ్నం ఆటస్థలంలో దానికి మూల్యం చెల్లించాల్సి రావచ్చు. లియొనార్డో బర్స్‌టిన్, రాబర్ట్ జెన్సెన్ 2015లో ప్రచురించిన పరిశోధనలో అమెరికా హైస్కూళ్లలో కంప్యూటర్ మీద నడిచే కోర్సులను పరిశీలించారు. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ల పేర్లు అందరికీ కనపడేలా ఒక లీడర్‌బోర్డు పెట్టాక, పిల్లల ప్రతిభ 24 శాతం పడిపోయింది. అంతకు ముందు బాగా చేస్తున్నవాళ్లే ఎక్కువ తగ్గారు, ఆ బోర్డు మీద పేరు రాకుండా చూసుకున్నారు. మీ ముందు వరుసలో కూడా ఉన్నట్టుండి చేయెత్తడం మానేసిన వాళ్లెవరైనా ఉన్నారేమో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఏ విద్యార్థి ఎలాంటి గుర్తింపు కోరుకుంటాడో వాళ్లనే అడగొచ్చు. సంవత్సరం మొదట్లో ఒక చిన్న కాగితం ఇచ్చి, "నువ్వు మంచి పని చేసినప్పుడు అందరి ముందు చెప్పాలా, నీతో విడిగా చెప్పాలా, నోటుబుక్‌లో రాయాలా, ఇంట్లో చెప్పాలా?" అని అడిగితే సరిపోతుంది. ఇప్పుడు అడిగినా ఆలస్యమేమీ కాదు. నోటుబుక్‌లో రాసిన మాటకు ఒక లాభం ఉంది: ఇంకెవరికీ వినపడదు, వాళ్లు మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు.

మార్కులు, మాట కలిపి ఇచ్చినప్పుడు మాట ఓడిపోతుంది. రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన పరిశోధనలో, వ్యాఖ్య ఒక్కటే అందుకున్నవాళ్లకు ఆసక్తి, పని రెండూ మెరుగయ్యాయి. మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలో ఆ మెరుగు లేదు, రెండూ కలిపి అందుకున్నవాళ్లలోనూ లేదు. అంకె కనపడగానే కన్ను వ్యాఖ్య మీదకు వెళ్లదు. మీకు వీలైన చోట ముందు వ్యాఖ్య ఇచ్చి, దిద్దుకోవడానికి ఒక రోజు ఇచ్చి, మార్కు మర్నాడు చెప్పండి.

ఎంత మెచ్చుకోవాలన్న మీ అసలు ప్రశ్నకు ఒక కొలత అడుగుతారని తెలుసు. ఐదు మెచ్చుకోళ్లకు ఒక మందలింపు లాంటి లెక్కలు చాలా చెబుతుంటారు. పాల్ కాల్డరెల్లా, సహచరులు 2020లో అమెరికాలో దాదాపు 2,500 మంది చిన్న తరగతుల పిల్లల్ని గమనించి ప్రచురించిన దాంట్లో, మందలింపుతో పోలిస్తే మెచ్చుకోలు ఎంత ఎక్కువుంటే పిల్లలు అంతగా పనిలో నిమగ్నమై కనిపించారు, కానీ "ఇక్కడికి చేరితే చాలు" అనే ఒక అంకె ఏదీ దొరకలేదు. అందుకే నేను అంకె చెప్పను. లెక్కపెట్టాల్సింది ఇంకోటుంది: ఈ రెండు వారాల్లో మీ నుంచి ఒక్క నిజమైన మాట కూడా అందని పిల్లలు ఎవరు? హాజరు పట్టికలో పేర్ల పక్కన చిన్న చుక్క పెట్టుకుంటూ పోతే తెలిసిపోతుంది. అల్లరి చేసేవాళ్లకు, బాగా చదివేవాళ్లకు చుక్కలు నిండిపోతాయి, మధ్యలో నిశ్శబ్దంగా పని చేసుకునేవాళ్ల వరుస ఖాళీగా ఉంటుంది. అలా ఏ మాటా అందకపోతే ఏమవుతుందో ఎలిజబెత్ హర్లాక్ అనే మనస్తత్వ పరిశోధకురాలు 1925లోనే చూపించారు. కూడికలు చేసే పిల్లల్లో ఒక గుంపును రోజూ మెచ్చుకున్నారు, ఒక గుంపును మందలించారు, ఇంకో గుంపును అదే గదిలో ఉంచి ఏమీ అనకుండా వదిలేశారు. మెచ్చుకున్నవాళ్లు అన్నిటికంటే ఎక్కువ మెరుగయ్యారు. మందలించినవాళ్లు మొదట మెరుగై తర్వాత జారారు. వదిలేసినవాళ్లు ఆ మందలించినవాళ్ల కంటే కూడా వెనకబడ్డారు. ఖాళీగా ఉన్న ఆ వరుస గురించి నాకు ఎప్పుడూ బెంగే.

సంవత్సరం గడిచేకొద్దీ మీ మాట తగ్గి వాళ్ల మాట పెరగాలి. వ్యాసం చేతికిచ్చి "ఎలా ఉంది టీచర్?" అంటే వెంటనే తీర్పు చెప్పకండి. "ఇందులో నీకు బాగా నచ్చిన వాక్యం ఏది, ఎందుకు?" అని అడగండి. మొదట్లో "ఏమో" అంటారు. కొన్ని వారాల పాటు మీరు పనిలోని ఒక్కో మంచిని పేరు పెట్టి చెబుతూ వచ్చి ఉంటే, ఆ మాటలే వాళ్ల నోట వస్తాయి. "ఇక్కడ ఉదాహరణ ఇచ్చాను కాబట్టి నమ్మేలా ఉంది" అని ఒక విద్యార్థి తన పని గురించి తనే చెప్పిన రోజున మీరు తలూపితే చాలు.

చివరగా ఆ నెలవారీ బహుమతి. హాజరుకు ఇచ్చేదైతే మీ బడి పెద్దలతో ఒకసారి మాట్లాడి చూడండి. అమెరికాలో 15 వేల మందికి పైగా విద్యార్థుల మీద జరిగి 2021లో ప్రచురితమైన పరిశోధనలో, ముందే చెప్పి పెట్టిన హాజరు అవార్డు వల్ల హాజరు పెరగలేదు. గడిచిన కాలంలో బాగా వచ్చారని అవార్డు పంపిన పిల్లలైతే ఆ తర్వాత నెల ఇంకొంచెం తక్కువ వచ్చారు. మిగతావాళ్ల కంటే, బడి కోరినదాని కంటే ఎక్కువే చేస్తున్నామని వాళ్లకు అర్థమైందని పరిశోధకుల అభిప్రాయం. మాట్లాడినా నియమం మారకపోతే, పేరు చదివే పనైనా మీరు అడిగి తీసుకోండి. "ఉత్తమ విద్యార్థి" అని చదివి ఊరుకోకుండా, ఆ నెలలో ఆ విద్యార్థి చేసిన ఒక పనిని ఒకే వాక్యంలో చెప్పండి: క్లాసులో ఎవరికీ రాని అనుమానం అడిగింది, దానివల్ల పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాం అని. ఎంపిక మీ చేతిలో ఉంటే ప్రతి నెలా వేరే రకం పనిని ఎంచుకోండి, మార్కులే అక్కర్లేదు. ఆ వాక్యాన్ని ముందు రోజే ఆ పిల్లకు చూపించి, అందరి ముందు చదవడం ఇష్టమేనా అని అడగండి. వద్దంటే పేరు మాత్రం చదివి, ఆ వాక్యం రాసిన కాగితాన్ని తర్వాత విడిగా తన చేతికివ్వండి.